1986 నాటి కడప బండల బాత్రూమ్: బండలు తీసివేయాలా, నిలుపుకోవాలా?

ప్రశ్న: పాతూరు ఇంటివారు, అనంతపురం

అందరికీ నమస్కారం. అనంతపురం పాతూరులో మా నాన్నగారు 1986లో కట్టించిన ఇంట్లో ఉంటున్నాము. ఎండలు ముదరకముందే బాత్రూమును బాగుచేయించాలని అనుకుంటున్నాము. ఒకసారి పగలగొట్టిన తరువాత వెనక్కి తిరిగే వీలుండదు కనుక, అనుభవం ఉన్నవారి మాట ముందుగా వినాలని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

గది ఎనిమిది అడుగుల పొడవు, ఐదు అడుగుల వెడల్పు. నేలకు నల్లని కడప బండలు పరిచారు. గోడలు మట్టితో కట్టిన రాతిగోడలు. వాటికి నడుము ఎత్తు వరకు అవే బండలు, ఆపైన సున్నం. ఒక మూలన సిమెంటు తొట్టి ఉంది. కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చిన కాలంలో ఇంటిల్లిపాదికీ ఆ తొట్టే ఆధారం. ఇప్పుడు మిద్దె మీద ట్యాంకు ఉన్నందువల్ల దాని అవసరం తీరిపోయింది గాని, దాన్ని తీసివేద్దామంటే అమ్మ మనసు ఒప్పుకోవడం లేదు. ఆ తొట్టి అంచు మీద ఆమె ముప్పై ఏళ్ళకు పైగా చెంబు పెట్టిన చోట బండ అరచేతి పల్లమంత అరిగిపోయి ఉంది.

ఇబ్బందులు మూడు. మొదటిది చెమ్మ. బాత్రూము గోడకు అవతలివైపు దేవుని గది ఉంది. అక్కడ నేల నుంచి మోకాలి ఎత్తు దాకా సున్నం ఉబ్బి, గోరు తగిలితే చాలు తెల్లటి పొడిగా రాలుతోంది. ఎన్నిసార్లు రంగు వేయించినా ఏడాది తిరగకుండానే మళ్ళీ అదే పరిస్థితి. రెండవది జారుడు. పోయిన కార్తీకంలో అమ్మ తొట్టి పక్కన జారి పడి, మణికట్టుకు కట్టు వేయించుకోవలసి వచ్చింది. ఆమెకు 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, కింద కూర్చునే పాత దొడ్డి ఇక ఆమెకు పనికిరాదు. మూడవది, గది మొత్తం చీకటిగా, పాతబడి కనిపించడం.

టైల్స్ అంగడివారు పాత బండల మీదనే టైల్స్ అతికించి మూడు రోజుల్లో పని ముగిస్తామంటున్నారు. మేస్త్రి మాత్రం అన్నీ పెకలించి పారవేయాలని అంటున్నాడు. మా అమ్మాయికి నల్లని కొళాయిలు, అద్దపు అడ్డుతెర కావాలని ఉంది. మేము అనుకున్న ఖర్చు లక్షన్నర రూపాయలు. బండలను ఏం చేయాలి, ముందుగా దేని మీద డబ్బు పెట్టాలి అన్నది దయచేసి చెప్పగలరు.

జవాబు: విశ్రాంత సివిల్ ఇంజనీరు, కర్నూలు

మీరు మూడు ఇబ్బందులుగా రాశారు గాని, నా దృష్టిలో మొదటిది తేలకుండా మిగిలిన రెండింటి జోలికి వెళ్ళకూడదు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు మా ఇంట్లో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు తీసిన తరువాత గోడల్లోని చెమ్మ ఎలా పైకి పాకుతుందో, ఆరేటప్పుడు లోపలి లవణాలను ఎలా బయటికి తెచ్చి సున్నాన్ని ఉబ్బిస్తుందో నెలల తరబడి రోజూ చూశాను. మీ దేవుని గది గోడ మీద రాలుతున్న తెల్లపొడి అదే. రంగుతో అది ఆగదు. నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపితేనే ఆగుతుంది.

కనిపెట్టడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటి చెబుతాను. రాత్రి పడుకునే ముందు ఇంట్లోని కొళాయిలన్నీ కట్టివేసి, మిద్దె మీది ట్యాంకులోకి నీరు రాకుండా ఆపి, లోపల నీటిమట్టం ఎక్కడుందో గుర్తు పెట్టండి. తెల్లవారేసరికి మట్టం దిగితే నీటిని తెచ్చే పైపు కారుతున్నట్టు. దిగకపోతే, వాడిన నీరు నేల సందుల గుండానో, తొట్టి పగులు గుండానో, నానీ ట్రాప్ (నేల మీది నీరు బయటికి పోయే జాలీ గొట్టం) చుట్టూనో కిందికి ఇంకుతున్నట్టు. ఈ రెండింటికీ చేయవలసిన పనులు వేరు. ఏదైనా సరే, 1986 నాటి ఇనుప పైపులు లోపల తుప్పు పట్టి, మన బోరు నీళ్ళ సున్నంతో సగం మూసుకుపోయి ఉంటాయి కనుక వాటిని మార్చడం తప్పదు. వేడినీళ్ళకు సీపీవీసీ (వేడిని తట్టుకునే ప్లాస్టిక్) పైపు వేయించండి. గోడ పూడ్చకముందు పైపుల్లో నీరు నింపి, ఒత్తిడి పెట్టి, కనీసం ఒక రాత్రి అలాగే ఉంచి అతుకులు చూసుకోవాలి. ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టక, కొత్త టైల్స్ మళ్ళీ పగలగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

పాత బండల మీద టైల్స్ అతికించడం నేల విషయంలో ఎంతమాత్రం మంచిది కాదు. కారుతున్న నేల మీద మూత పెట్టినట్టు అవుతుంది, కింది నీరు ఎక్కడికీ పోదు, గోడనే పట్టుకుంటుంది. అదీగాక టైలు, దాని కింది బంక కలిసి ముప్పాతిక అంగుళం దాకా ఎత్తు పెరుగుతుంది. బాత్రూము నేల పక్కగది నేల కంటే కనీసం అర అంగుళమైనా కిందికి ఉండాలన్నది ఇల్లు కట్టేవారు విడిచిపెట్టకూడని నియమం. అది పోతే గడప దాటి నీళ్ళు గదిలోకి వస్తాయి.

కాబట్టి నేల బండలు జాగ్రత్తగా ఎత్తించండి. కింది ఇసుక, మట్టి తీసి, గట్టి కాంక్రీటు పరుపు వేయించి, గోడ నేల కలిసే మూలలను గుండ్రంగా మెత్తించాలి. చెమ్మ ముందుగా చొరబడేది ఆ మూలల్లోనే. ఆపైన నీరు చొరని సిమెంటు పూతను ఒకదాని మీద ఒకటి అడ్డంగా నిలువుగా రెండు కోటింగులు వేయించండి. మామూలు గోడలకు అడుగు ఎత్తు, స్నానం చేసే మూలన ఆరడుగుల ఎత్తు దాకా ఆ పూత పోవాలి. అది ఆరిన తరువాత ట్రాప్ నోరు మూసి, మూడు అంగుళాల లోతు నీరు నిలబెట్టి, గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి 48 గంటలు ఆగండి. మన సీమ ఎండకు నీరు ఆవిరై కూడా మట్టం తగ్గుతుంది గనుక, అదే గదిలో ఒక బకెట్టులో నీరు పోసి దానికీ గీత పెట్టుకోండి. రెండు గీతలూ ఒకే మేర దిగితే అది ఆవిరి, నేల గీత ఎక్కువ దిగితే అది కారడం.

వాలు సంగతి మేస్త్రి ‘కంటితో చూసుకుంటాను’ అంటే ఒప్పుకోవద్దు. ట్యూబ్ లెవెల్ (నీళ్ళు నింపి మట్టం చూసే సన్నని గొట్టం) పట్టించండి. ఎనిమిది అడుగుల పొడవుకు సుమారు ఒక అంగుళం వాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే నీరు నిలిచి పాచి పడుతుంది, బాగా ఎక్కువైతే అమ్మగారికి నిలబడేటప్పుడు పాదం తేలినట్టు అనిపిస్తుంది.

జవాబు: పాత ఇంటి కోడలు, ప్రొద్దుటూరు

అన్నగారికి నమస్కారం. ఇంజనీరు గారు చెప్పినదానికి నేను కలపగలిగింది బండల సంగతి, గది అందం సంగతి. మాదీ కడప బండల ఇల్లే. మూడేళ్ళ కిందట మా బాత్రూమును మార్చేటప్పుడు నేను కూడా మొదట బండలన్నీ తీసివేయాలనే అనుకున్నాను. ఇప్పుడు, వాటిని నిలుపుకోవడమే మేము చేసిన మంచిపని అని నమ్ముతున్నాను.

మీ బండలు జారుతున్నది రాయి గుణం వల్ల కాదు. దశాబ్దాల పాటు పాదాల కింద అరిగి నున్నబడినందువల్ల, వాటి మీద సబ్బు, నీళ్ళలోని సున్నం కలిసి పొరగా పేరుకున్నందువల్ల జారుతున్నాయి. అందుకు మందు ఉంది. ఎత్తిన బండలను రాళ్ళకు సాన పట్టే చోటికి తీసుకువెళ్ళి, పైముఖాన్ని మెరుపు లేకుండా తోలులాగా గరుకు చేయించుకోవచ్చు, లేదా బాగున్న వాటిని తిరగేసి కింది ముఖాన్ని పైకి వేయించుకోవచ్చు. మేము తిరగేసి వేయించాము. ముప్పై ఏళ్ళు ఎవరి కంటా పడని ఆ ముఖం కొత్త పలకలాగా నల్లగా ఉంది.

ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణంలాంటిది. కడప బండ అయినా, తాడిపత్రి బండ అయినా, బేతంచెర్ల బండ అయినా అన్నీ సున్నపురాళ్ళే. ఆసిడ్ తగిలితే కరిగిపోతాయి. నాకు ఇది మాటతో నమ్మకం కలగక ఒక పాత ముక్క మీద నిమ్మకాయ పిండి చూశాను. సన్నని బుడగలు లేచాయి, తుడిచిన తరువాత పెసరబద్దంత చోట నలుపు పోయి బూడిదరంగు మచ్చ మిగిలింది. నిమ్మరసానికే అంత జరిగితే, దొడ్డి కడిగే ఘాటైన ద్రావకాలు వారం వారం పోస్తే ఏమవుతుందో ఆలోచించండి. పై పొర కరిగి రాయి గుల్లబారుతుంది, ఆ గుల్లలోకి మురికి దిగుతుంది, మురికి పోవడం లేదని మళ్ళీ ఆసిడ్ పోస్తాము. మా అత్తగారి కాలం నుంచి మా ఇంట్లో జరిగింది ఇదే. ఇప్పుడు నేలకు పలుచని సబ్బునీళ్ళు, కొబ్బరిపీచు బ్రష్షు మాత్రమే వాడుతున్నాము. బండలు పరిచి, పూర్తిగా ఆరిన తరువాత రాయిలోకి ఇంకే రకం సీలర్ ఒకసారి పూయించాము. కొందరు నలుపు రావడానికి నూనె పట్టించమంటారు, స్నానాల గదిలో అది ప్రమాదం, అసలు చేయకండి.

ఇక గది చీకటి పోవాలంటే నేలను మార్చనక్కర లేదు, గోడలను మార్చండి. నల్లని నేల, దాని పైన మీగడరంగు గోడలు ఎంత నిండుగా ఉంటాయో చూసినవారికే తెలుస్తుంది. టైల్స్ మధ్య సందుకు తెలుపు వద్దు, లేత బూడిదరంగు పెట్టించండి, మన నీళ్ళకు తెల్ల సందు ఆరు నెలల్లో పసుపెక్కుతుంది. వెంటిలేటరు చిన్నదైతే దాన్ని పెద్దది చేయించి, పక్కన ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించండి. దీపం తెల్లని ఘాటు వెలుగు కాకుండా కొంచెం పసుపు ఛాయ ఉన్నదైతే నల్లరాయి వెచ్చగా కనిపిస్తుంది.

అమ్మాయి కోరిన నల్లని కొళాయిల గురించి కొంచెం కఠినంగానే చెబుతున్నాను, ఏమీ అనుకోవద్దని చెప్పండి. బోరు నీళ్ళ ఊళ్ళలో ప్రతి నీటిబొట్టూ ఆరిన చోట తెల్లటి వలయాన్ని వదిలిపెడుతుంది. నలుపు మీద ఆ వలయాలు దూరం నుంచే కనిపిస్తాయి. తుడవడానికి పుల్లటి ద్రావకం వాడితే నల్లపూత చెడుతుంది. అద్దపు తెర కూడా అంతే, రోజూ స్నానం ముగిశాక ఎవరో ఒకరు దాన్ని పొడిగా తుడిచే అలవాటు ఉంటే తప్ప అది మసకబారుతుంది. మామూలు మెరుపు క్రోము కొళాయిలు పెట్టించి, సున్నం పట్టినప్పుడు వెనిగర్‌లో తడిపిన గుడ్డను పావుగంట చుట్టి ఉంచి కడిగితే కొత్తవాటిలా వస్తాయి. అయితే ఆ వెనిగర్ కింది బండ మీద బొట్టు కూడా పడకుండా చూసుకోవాలి. అమ్మాయి ముచ్చట తీరడానికి అద్దం చట్రం, తువ్వాలు కొక్కేలు నలుపువి తీసుకోవచ్చు, అవి తడవవు కదా.

జవాబు: టైల్స్ పనివాడు, కడప

పైన పెద్దలు నేల గురించి చెప్పింది సరైనదే. కానీ పాత బండల మీద టైల్స్ అతికించడం అన్ని చోట్లా తప్పు అనుకోకండి. చెమ్మ లేని మూడు గోడల మీద బండలను సుత్తి పిడితో ఒక్కొక్కటిగా తట్టి చూడండి. గట్టి శబ్దం వస్తే ఆ రాయి గోడను పట్టుకునే ఉన్నట్టు. ముఖాన్ని గరుకు చేసి, సిమెంటు పాలతో కాకుండా టైల్ అడెసివ్‌తో అతికిస్తే అది నిలుస్తుంది. పాత గోడను తొలిచే దెబ్బలు కూడా తప్పుతాయి. డొల్ల శబ్దం వచ్చిన బండను మాత్రం తీసివేయాలి. దేవుని గది వైపు గోడకు బండలు, గార అన్నీ రాయి దాకా చెక్కించి, పని జరిగినంత కాలం గాలికి వదిలిపెట్టండి.

కొలతలు చెబుతాను. అడుగు ఎత్తు, రెండడుగుల పొడవు ఉండే టైలును అడ్డంగా పేర్చితే ఏడు వరుసలకు సరిగ్గా ఏడడుగులు వస్తుంది, ఎక్కడా పైవరుస కోయవలసిన పని ఉండదు. మీ గది చుట్టుకొలత 26 అడుగులు, ఏడడుగుల ఎత్తుకు 182 చదరపు అడుగులు. తలుపు తీసివేసి, కోతల తరుగు కలుపుకుంటే 180 దగ్గర తెచ్చుకోండి. అన్ని పెట్టెల మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో అంగడిలోనే చూసుకోవాలి, వేరు బ్యాచ్ అయితే గోడ మీదికి ఎక్కిన తరువాత రంగు తేడా కొడుతుంది. ఆసిడ్ వాడకుండా ఉంటే మామూలు గ్రౌటు (టైల్స్ సందులు నింపే ముద్ద) కూడా సరిపోతుంది, కానీ స్నానం చేసే మూల వరకైనా ఎపాక్సీ గ్రౌటు పెట్టించుకోమని నా సలహా.

కమోడు కొనేముందు ఒక మాట. గోడకు టైలు ఎక్కిన తరువాతి ముఖం నుంచి మలం పోయే పైపు నోటి మధ్యకు ఎంత దూరమో కొలిచి, ఆ కొలతకు సరిపోయే కమోడునే తీసుకోండి. ముందు కమోడు కొని, తరువాత పైపును జరిపించబోయి చేతులు కాల్చుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. గోడకు వేలాడే రకం అందంగానే ఉంటుంది గాని, మట్టితో కట్టిన పాత రాతిగోడ ఆ బరువును నమ్మకంగా మోయలేదు. నేల మీద నిలబడే రకమే తీసుకోండి. మోకాళ్ళ నొప్పులు ఉన్నవారికి సీటు నేల నుంచి 17, 18 అంగుళాల ఎత్తు ఉంటే లేవడం సులువు.

జవాబు: ఎలక్ట్రీషియన్, గుంతకల్లు

ఎవరూ కరెంటు సంగతి ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. 1986 నాటి వైరింగులో చాలాచోట్ల బాత్రూము దాకా ఎర్తు తీగ ఉండదు. మూడు రంధ్రాల సాకెట్టు కనిపించినంత మాత్రాన ఎర్తు ఉన్నట్టు కాదు, పరీక్షించి చూడాలి. రెండు వేల వాట్ల గీజరు తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి మీటరు బోర్డు నుంచి విడిగా తీగ, విడిగా ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆగిపోయే స్విచ్చి) ఉండాలి. ఇంటి మొత్తానికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. తడి ఒంటితో ఉన్న మనిషికి షాకు కొట్టినప్పుడు కన్ను మూసి తెరిచేలోపు కరెంటును తెంచేది అదే. లక్షన్నరలో దాని ఖర్చు ఎంత చిన్నదో, దాని విలువ అంత పెద్దది. గీజరు స్విచ్చి బాత్రూము బయట ఉండాలి.

మన నీళ్ళకు గీజరు లోపల సున్నం గట్టిగా పేరుకుంటుంది. వేడి మరీ ఎక్కువగా పెట్టకుండా 50, 55 డిగ్రీల దగ్గర ఉంచితే పేరుకోవడం తగ్గుతుంది. ఏడాదికొకసారి విప్పించి, కాయిల్‌తో పాటు లోపలి మెగ్నీషియం కడ్డీని కూడా చూపించండి, అది కరిగిపోతే ట్యాంకుకు తుప్పు మొదలవుతుంది.

అమ్మగారి కోసం పట్టుకునే కడ్డీలు కమోడు పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి, నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తున వేయించండి. వాటి బోల్టులు టైలులో కాకుండా గోడ రాతిలోకి దిగాలి. తువ్వాలు ఆరవేసే రాడ్డును పట్టుకుని లేవబోయి పడినవారి గురించి విన్నాను కనుక ఇంత గట్టిగా చెబుతున్నాను. రాత్రి లేచినప్పుడు కాళ్ళ దగ్గర వెలుగు పడేలా గడప పక్కన చిన్న దీపం ఒకటి పెట్టించండి.

ప్రశ్న అడిగినవారు, మూడు వారాల తరువాత

అందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. ఇంజనీరు గారు చెప్పినట్టు ట్యాంకుకు గుర్తు పెట్టి చూశాము. రాత్రంతా మట్టం వెంట్రుకవాసి కూడా దిగలేదు. కాబట్టి తప్పు నేలలోనే ఉందని అర్థమైంది. బండలు ఎత్తించినప్పుడు రెండు విషయాలు బయటపడ్డాయి. నానీ ట్రాప్ మెడ దగ్గర అతుకు పూర్తిగా విడిపోయి ఉంది. తొట్టి అడుగున, గోడను ఆనుకున్న వైపు, జానెడు పొడవున సన్నని పగులు ఉంది. దాని కింది ఇసుకను చేతిలోకి తీసుకుంటే ముద్ద కట్టేంత తడిగా ఉంది. దేవుని గది గోడ నానడానికి కారణం ఇన్నేళ్ళుగా ఆ తొట్టేనని అమ్మకు చూపించాము. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, తొట్టిని తీసివేయండి గాని అంచు బండను మాత్రం పారవేయవద్దు అని అన్నారు. ఆ బండను ఇప్పుడు వాష్ బేసిను పక్కన అరగా గోడలోకి దింపిస్తున్నాము. చెంబు అరిగించిన పల్లం పైకి కనిపించేలా పెట్టమని మేస్త్రికి చెప్పాము, అందులో సబ్బు ఉంచుకుంటారట.

నేల బండలు పదిహేనింటిలో పన్నెండు చెక్కుచెదరకుండా వచ్చాయి. తొట్టి ఉన్న చోటుకు కూడా కలిపి ఇంకో ఆరు కావలసి వచ్చింది. చెమ్మ గోడ మీద నుంచి తీసిన బండల్లో మంచివి ఏరి వాటిని సరిపెట్టాము. అన్నింటినీ తిరగేసి వేయిద్దామని ప్రొద్దుటూరు చెల్లెమ్మ సలహా ప్రకారం నిర్ణయించాము. నాలుగు బండల కింది ముఖం మరీ ఎగుడుదిగుడుగా ఉన్నందున, వాటిని మాత్రం సానకు పంపాము. అమ్మాయి అద్దపు తెర మానుకుంది. నల్లని చట్రం ఉన్న గుండ్రటి అద్దం తానే ఎంచుకుంది.

గోడ చెక్కిన రాళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఫ్యాను పెట్టి ఆరబెడుతున్నాము, ఆ గోడకు గార ఇప్పుడప్పుడే వేయించము. పైపులు ఒక రాత్రంతా ఒత్తిడిలో నిలిచాయి. రెండు పూతలూ వేయించి, మొన్న సాయంత్రం ఆరు గంటలకు నీరు నిలబెట్టి పెన్సిల్ గీత గీశాము, పక్కన బకెట్టులోనూ గీత పెట్టాము. ఈ సాయంత్రానికి 48 గంటలు నిండాయి. అమ్మాయి స్కేలుతో కొలిచి చూసింది. బకెట్టులో ఆరు మిల్లీమీటర్లు దిగింది, నేల మీద కూడా ఆరే దిగింది. రేపు ఉదయం మేస్త్రి ట్యూబ్ లెవెల్ పట్టుకుని వస్తున్నాడు.